కొండ మీద అంకుల్

క్యూలో నిలబడ్డ పెద్దమనిషిని చూడగానే శ్రీధర్ గుండె గుభేలుమంది. అద్దె బూట్లు, పైన ఆఫీసు కోటు, మెడకి మఫ్లరు. తెలుగువాళ్ళ కళ్ళబడకూడదనే కదా ఫ్రీమాంట్ వదిలి ఈ మంచుకొండల్లోకి వచ్చిపడ్డాడు!

ఎగ్జామినర్ సరిగ్గా ఆయన్నే చూపించాడు. "అతనికి నేర్పు."

స్కీ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షలో చివరి భాగం అదే. మంచు మీద జారే స్కీ చెక్కలు ఎన్నడూ కట్టని మనిషిని పైకి తీసుకెళ్ళి, క్షేమంగా కిందికి దింపాలి. ఆ మనిషి ముక్కూమొహం తెలియనివాడై ఉండాలి. శ్రీధర్ నిరుడు తప్పాడు. ఈసారీ తప్పితే నోరు మూసుకుని మెడికల్ కాలేజీకి తిరిగి వెళ్ళాల్సిందే.

"మీ ఇద్దరికీ పరిచయం ఉందా?" అన్నాడు ఎగ్జామినర్ అనుమానంగా. ఇద్దరు ఇండియన్లు ఒకచోట కనబడితే చాలు, ఈ దేశంలో చుట్టరికం కలిపేస్తారు.

శ్రీధర్ నోరు తెరిచేలోపే పెద్దమనిషి, "నెవర్ సా హిమ్," అనేశాడు.

"పదండి, అంకుల్."

"అంకులా?" ఎగ్జామినర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మాలో పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తాం."

ఎగ్జామినర్ నవ్వేశాడు.

కుర్చీల లిఫ్టు సగం దారిలో ఆగిపోయింది. కింద లోయ. వెనక కుర్చీలో ఎగ్జామినర్. పక్కన అంకుల్. దూకలేడు, పారిపోలేడు. 

"ఒకడితో మాట్లాడదామని డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను," అన్నాడాయన. "ఈ చెక్కలు కట్టుకుంటే గానీ క్యూలోకి రానివ్వలేదు. సరే గానీ, మీ నాన్న ఏం చేస్తాడు?"

"డాక్టర్, అంకుల్."

"ఆయన కష్టపడి పెట్టిన ప్రాక్టీసు ఎవరు చూసుకుంటారు?"

శ్రీధర్ తలొంచుకున్నాడు. "నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే, అంకుల్. ఇదీ పోతే మళ్ళీ కాలేజీకే వెళ్తాను."

లిఫ్టు కదిలింది.

పైకి చేరాక, కింద వాలు చూసి అంకుల్ మంచులో చతికిలబడ్డాడు.

"నేను దిగను."

"ప్లీజ్ అంకుల్. నీస్ కొంచెం బెండ్ చెయ్యండి, అంతే."

"నేనిక్కడే కూర్చుంటే నువ్వు ఫెయిలే కదా?"

శ్రీధర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. "అవును."

"కాలేజీకి వెళ్ళిపోతావు?"

"మాటంటే మాటే, అంకుల్."

అల్లంత దూరంలో ఎగ్జామినర్ వాచీ చూసుకుంటున్నాడు. అంకుల్ అటు చూశాడు. శ్రీధర్ మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"లేపు. ఆ మోకాళ్ళ సంగతేదో మళ్ళీ చెప్పు."

శ్రీధర్ ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఎదురుగా తను వెనక్కి జారుతూ దింపాడు. ఆయన వణికాడు, దేవుళ్ళందరికీ మొక్కాడు, మంచుని తిట్టాడు. పడలేదు మాత్రం.

ఎగ్జామినర్ శ్రీధర్ కోటుకి బ్యాడ్జి గుచ్చి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

శ్రీధర్ కింద కూర్చుని ఆయన బూట్ల బకిల్స్ విప్పసాగాడు.

"థాంక్స్, అంకుల్."

ఆయన అటూ ఇటూ చూసి, "అతగాడు వెళ్ళిపోయాడుగా, ఇంక నాన్నా అనొచ్చురా," అన్నాడు.