పసుపురంగు అతుకు

"నావల్లే పగిలింది వదినా," అన్నాడు మరిది, నా బండి తాళం బల్ల మీద పెడుతూ.

గుమ్మంలోంచి చూస్తే, స్కూటర్ సైడ్ ప్యానెల్ నిలువునా చీలి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కళ్లు నెత్తి మీద పెట్టుకుని నడిపావా? అడగ్గానే ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ!"

అతను బల్ల మీది తాళం వంకే చూస్తున్నాడు. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? ఫో! మళ్లీ నా గడప తొక్కకు!"

తల వంచుకుని వెళ్లిపోయాడు.

ప్లాస్టిక్‌ను వేడితో కరిగించి అతికించడం నాకు కొత్త కాదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా స్క్రూలు ఊడదీసి, ప్యానెల్ తిరగేశాను.

చీలిక పొడవునా లోపలివైపు పాత అతుకు ఉంది. మా పాప ఆడుకునే పసుపురంగు ప్లాస్టిక్ ఇటుకల్ని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో కరిగించి పూసిన ముద్ద. ఇవాళ అది విడిపోయింది, అంతే. పోయిన నెల నా రిమూవర్ సీసా ఖాళీ అయిందని ఇల్లు అదిరేలా అరిచిన సంగతి గుర్తొచ్చింది.

అంటే అప్పుడే బండి పడేశాడన్నమాట! దొంగచాటుగా అతికించి, ఇవాళ నంగనాచి వేషాలా? ఫోన్ చేసి కడిగేద్దామని లేచాను.

అప్పుడు కనబడ్డాయి, ముద్ద మీద వేలిముద్రలు. పెద్ద బొటనవేలి పక్కన, నా చిటికెన వేలి గోరంత చిన్నవి.

స్టాండు వేసిన బండి ఎక్కి ఆడొద్దని పాపకు ఎన్నిసార్లు చెప్పానో.

ప్యానెల్ పట్టుకుని గదిలోకి వెళ్లాను. బొమ్మలు ముందేసుకుని కూర్చున్న పాప తలెత్తి, నా చేతిలోది చూసింది.

నేనింకా నోరు తెరవనేలేదు. రెండు చేతులూ చెంపలకు అడ్డం పెట్టుకుంది.