అరవైకి రెండు తక్కువ

ముసలాయన ఏడో రోజు కూడా వచ్చాడు. సందర్శకుల పుస్తకంలో పొడుగు తోక సంతకం పెట్టి, పటాల గదికున్న ఒకే ఒక్క గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు.

గదికి కిటికీ ఉంది గానీ, బీరువాలు దాన్ని ఎప్పుడో మింగేశాయి.

"తప్పుకోండి తాతా. పై ఆఫీసరు పటం కోసం కూర్చున్నారు," అంది పటాలు గీసే అమ్మాయి.

"కొండ కింద వీధికి ఏ రంగు వేశావమ్మా?"

"పసుపే. చరియ విరిగిపడే ప్రమాదానికి తొంభై మార్కులు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు... తలా ముప్పై. అరవై దాటితేనే ఎరుపు, అప్పుడే ఖాళీ చేయిస్తారు. ఆ వీధికి యాభై ఎనిమిది."

"అన్నదమ్ముల పంపకంలా సమానంగా కోశావన్నమాట. నీ గీత కొండకు కనిపిస్తుందా?"

ఆమె పటం చుట్టబోయింది.

"పక్క వీధులకెన్ని?"

"అరవై ఒకటి, అరవై మూడు."

"మిగతావాటికి?"

"నలభై లోపే."

"మరి అంకెలు వాటంతటవే తెగిందెక్కడ? నలభై దగ్గర. అక్కడ గియ్యి గీత. కలిసున్నవాటిని విడదియ్యకు తల్లీ."

అలా గీసిన పటం కూడా ఆమె సొరుగులో ఉంది. "ఇంకో నలభై కుటుంబాలా? మీ ఇంట్లో పెట్టుకుంటావా?" అని పై ఆఫీసరు దాన్ని విసిరికొట్టాడు.

ముందు ముసలాయన. వెనక బీరువాలు. నెత్తిన ఆఫీసరు. ఆమెకు ఊపిరాడలేదు.

"ఎరుపు వేస్తే కొత్త ఇల్లొస్తుందనేగా మీ తాపత్రయం!" అని కసిరింది.

ఆయన కుర్చీ పక్కకు జరిపాడు.

రోజూ "వెళ్లొస్తానమ్మా" అనేవాడు.

ఆ రోజు "వెళ్తానమ్మా" అన్నాడు.

పసుపు పటమే పైకి వెళ్లింది.

రెండు రోజులు వాన. మూడో రోజు పొద్దున కొండ జారింది.

ఆమె పరుగున వెళ్లేసరికి వీధి లేదు. మనుషులు మాత్రం బడి వరండాలో ఉన్నారు, అందరూ.

"ఎవరో ముసలాయనండీ. ఎర్ర రంగు డబ్బాతో తలుపు తలుపుకీ పూస్తూ మమ్మల్ని బయటికి తరిమాడు. చివరింట్లో మంచాన పడ్డ అవ్వను మా చేతికి అందించాడు. ఆయనే రాలేదు."

"ఆయన ఇల్లేది?"

"ఈ వీధి మనిషి కాదండీ. మీ ఆఫీసు మనిషినన్నాడు."

"మా దగ్గర అలాంటివాళ్లెవరూ లేరే!"

మర్నాడు కొత్త పటాన్ని పాతదానితో సరిచూడాల్సి వచ్చింది. అడుగు సొరుగు లాగింది. ముప్పై ఏళ్ల నాటి పటం. కొండకు అవతల, ఇప్పుడు లేని ఒక వీధి. పసుపు రంగు. పక్కన యాభై తొమ్మిది.

కింద, 'తయారుచేసినవారు' అన్నచోట, పొడుగు తోక సంతకం.