పంటి కింద దారం

మా ఆయన ట్రాయన్‌కి పాత కుట్టుమిషన్ల పిచ్చి. ఇంట్లో ఇప్పటికే పద్దెనిమిది ఉన్నాయి. మమలిగ సంకటి గిన్నె దించడానికి చోటు లేదు మొర్రో అంటుంటే, ఇరవై ఏళ్లుగా దీనికోసమే కలలు కంటున్నానంటూ ఇవాళ పంతొమ్మిదోది మోసుకొచ్చాడు. మొన్న పోయిన దర్జీ ముసలమ్మ సవేతది. తెచ్చి మంచం పక్కనే పెట్టాడు!

మోసేటప్పుడు చొక్కా గుండీ తెగింది. ఒంటిమీదే కుట్టబోతూ, "ఈ దారం పంటి కింద పెట్టుకో. లేకపోతే గుడ్డతో పాటు మతి కూడా కుట్టుకుపోతుంది," అన్నాను. మా ఫగరాష్ ఊళ్లో అందరూ చేసేదే. సవేత అయితే ముందు వాళ్ల నోట్లో దారం పెట్టందే ఎవరి ఒంటిమీదా సూది ఆనించేది కాదు.

ఆయన నేను నోట్లో పెట్టిన దారాన్ని తుపుక్కున ఉమ్మేశాడు. "నీ చాదస్తం నువ్వూనూ!"

నన్ను కుట్టనివ్వకుండా ఆ చొక్కాతోనే పడుకున్నాడు.

అర్ధరాత్రి టకటకమని మిషన్ మోత. "ఏమయ్యా, తెల్లారాక తిప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది?" అని విసుగ్గా చెయ్యి విసిరాను. చెయ్యి ఆయన వీపుకే తగిలింది. పక్కనే నిద్రపోతున్నాడు.

మోత ఆగిపోయింది.

లైటు వేశాను. వారం రోజులుగా చిరిగి ఉన్న నా నైటీ చెయ్యికి సన్నటి కుట్టు పడి ఉంది. ఆయన చొక్కాకి తెగిన గుండీ కూడా అదే కుట్టుతో బిగిసి ఉంది. నా పంటి కింద ఏదో తగిలింది. తీసి చూస్తే దారప్పోగు.

ఆయన దిండు మీద ఇంకో పోగు పడి ఉంది, తడితడిగా.

"నిద్రలో కూడా ఉమ్మేశావా, మహానుభావా!" అంటూ కుదిపి లేపాను.

లేచి కూర్చుని నన్ను మర్యాదగా చూశాడు.

"ఎవరండీ మీరు?"