ఎనిమిదింటి ఫోను

దాసోం భయమల్లా ఒక్కటే. పొద్దున్నే బండెక్కి వెళ్ళిన మొగుడు ఏదో ఒకరోజు తిరిగి రాకపోతే, ఏడాది పాప యూల్‌తో తన బతుకేమిటని. అందుకే ఫోను మోగిందంటే గుండె జారిపోతుంది.

ఆమె మొగుడు కిహూన్ దేగు నగరంలో మోటారు సైకిలు మీద పార్సిళ్ళు చేరవేస్తాడు. సొంత పని. జీతం లేదు, సెలవు లేదు, పింఛను లేదు. అందుకని బీమా పాలసీలు అమ్మే మాల్సున్ పిన్నిని పిలిపించారు.

అరవై దాటిన మనిషి. కాగితాల కట్ట ఒకటి దాసోం చేతిలో పెట్టింది. మనిషి పోతే డబ్బొచ్చే పాలసీ ఒకటి, ముసలితనంలో నెలనెలా డబ్బొచ్చేది ఇంకొకటి. రెండూ కట్టే స్తోమత వాళ్ళకి లేదు.

"మొదటిదే తీసుకుందాం" అంది దాసోం.

"అంటే నేను పోతాననే ఖాయం చేసుకున్నావన్నమాట! మరి డెబ్భై ఏళ్ళకి నా సోజు సారా ఖర్చు మీ నాన్న ఇస్తాడా?" అన్నాడు కిహూన్.

మాల్సున్ నవ్వలేదు. ఇల్లంతా కలయజూసింది. "రోజంతా ఇంట్లోనే ఉంటావా అమ్మాయ్? ఎటూ వెళ్ళవుగా? మా గది దగ్గరే. మార్కెట్ వెనక, లాండ్రీ షాపు మేడ మీద."

మర్నాడు సరిగ్గా ఎనిమిదింటికి ఫోను మోగింది. దాసోం గబుక్కున ఎత్తింది.

"తిన్నావా అమ్మాయ్?"

"తిన్నాను పిన్నీ."

"పాప లేచిందా? కాగితాలు చదివావా? ఆఖరి పేజీ మాత్రం మర్చిపోకు." అంతే, పెట్టేసింది.

ఆ రోజు నుంచి ప్రతిరోజూ అదే సమయానికి. ఆదివారం కూడా. పాలసీ ఊసే ఎత్తదు. దాసోంకి అదే ఎక్కువ భయమేసింది.

"అమ్మేవాళ్ళు సరుకు గురించి మాట్లాడకపోవడమేమిటి?" అని మొగుణ్ణి అడిగింది.

"నువ్వు ఒంటరిగా ఉన్నావో లేదో కనిపెడుతోందేమో యూల్ వాళ్ళమ్మా! తలుపు తాళం నంబరు మార్చెయ్" అని వేళాకోళమాడాడు.

ఆమె నిజంగానే మార్చేసింది.

పదో తరగతిలో బడి మానేసిన దాసోంకి ఆ కాగితాల్లోని సన్నక్షరాలు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆఖరి పేజీలో సంతకం పెట్టే చోటుంటుందని మాత్రం తెలుసు. ఈ ముసలావిడ ఆత్రమంతా దానికేనని ఆమె అనుమానం. ఒకరోజు పీడ వదిలించుకుందామని అబద్ధమాడింది.

"చదివాను పిన్నీ. ఆఖరి పేజీతో సహా."

"మరి... ఒప్పుకున్నట్టేనా?" అని ఆత్రంగా అడిగింది మాల్సున్.

"ఆఁ, ఆఁ. ఒప్పుకున్నట్టే."

"హమ్మయ్య! ఇక నాకు దిగుల్లేదు."

ఫోను పెట్టేశాక దాసోం ఆ కాగితాల కట్ట కేసి చూసింది. దేనికి ఒప్పుకుంది తను?

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం ఎనిమిదయింది. ఫోను మోగలేదు. చాలా రోజుల తర్వాత దాసోం బార్లీ టీ తీరిగ్గా తాగింది. మంగళవారమూ మోగలేదు. బుధవారమూ అంతే.

"ఇంకో బకరా దొరికి ఉంటుందిలే" అన్నాడు కిహూన్. "ఏదో ఒకటి నువ్వే తేల్చెయ్. నువ్వు చెప్పిందే కడదాం."

గురువారం పాపని నిద్రపుచ్చి, దాసోం ఆ కట్ట విప్పింది. ఒక్కో వరస కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. మనసులో మొదటిదే ఖాయం చేసుకుంది. సంతకానికి పెన్ను తీసి ఆఖరి పేజీ తిప్పింది.

అక్కడ సంతకం చోటు లేదు. తెల్ల కాగితం మీద పెన్సిలుతో, ఎవరికైనా తేలిగ్గా అర్థమయ్యేంత పెద్ద పెద్ద అక్షరాలున్నాయి:

"నాకంటూ ఎవరూ లేరమ్మాయ్, అందుకే రోజూ ఎనిమిదింటికి నీకు ఫోను చేస్తాను, ఏ రోజైనా చెయ్యకపోతే మాత్రం ఒక్కసారి వచ్చి నా గది తలుపు తట్టి చూడు."