లిఫ్టులో పోలింగు

"చెట్టు కొట్టేయాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు.

"ఎవరూ ఎత్తొద్దు," అంటూ లేచాడు సైన్సు మాస్టారు.

సెల్లారులో కుర్చీలేసుకుని కూర్చున్న పదకొండు ఫ్లాట్లవాళ్ళూ సగం లేపిన చేతుల్ని ఏం చేయాలో తెలియక, వాటితో తలలు గోక్కున్నారు.

మాస్టారు వార్డు ఎన్నికల్లో హరిత పార్టీ అభ్యర్థి. చెట్లతో పాటు ప్రజాస్వామ్యాన్ని కూడా బాగుచేస్తానని సైకిలు మీద వీధివీధీ తిరుగుతున్నాడు. పోలింగు ఇంకా పది రోజులుంది. ఈలోపు తన బాల్కనీ ముందున్న చెట్టే కూలిపోతే, ఊళ్ళో చెట్లు కాపాడతానంటే నమ్మేదెవరు? జనం మొహం మీదే నవ్విపోతారు. పైగా ఆ చెట్టంటే ఆయనకి ప్రాణం.

ప్రెసిడెంటుకి టైర్ల షాపుంది. గేటు పక్కనున్న ఆ చెట్టు కొట్టించి నాలుగు కార్లకి చోటు చూపిస్తానని మాటిచ్చి ఆయన ఆ పదవి సంపాదించాడు. నీళ్ళ మోటారు గది తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. ఆయన్ని కాదన్నవాళ్ళ కుళాయిలకి ఎందుకో నీళ్ళు ఆలస్యంగా వస్తాయి.

"ఏం మాస్టారూ, పొద్దస్తమానం ప్రజాస్వామ్యం అంటారు, తీరా చేతులెత్తమంటే వద్దంటారు?"

"చేతులెత్తించడం ప్రజాస్వామ్యం కాదండీ, హాజరు వెయ్యడం. ఆ పని స్కూల్లో నేను రోజూ చేస్తున్నా. మనిషికి కావాల్సింది భయం లేని ఓటు. అపార్ట్‌మెంటు సంఘం దగ్గర్నుంచి అసెంబ్లీ దాకా ప్రతి నిర్ణయం రహస్య ఓటుతోనే జరగాలన్నది మా పార్టీ మొదటి డిమాండు."

ఆ డిమాండు వెనక ఓ చిన్న లెక్క కూడా ఉంది. వారం రోజులుగా ఐదు ఫ్లాట్లవాళ్ళు విడివిడిగా, మెట్ల మీదా పాల బూతు దగ్గరా, ఆయన చెవిలో ఒకటే మాట ఊదారు. "మాకూ చెట్టు ఉండాలనే ఉంది మాస్టారూ. కానీ ప్రెసిడెంటు ముందు చెయ్యెత్తలేం." వాళ్ళు ఐదు, తన ఇంటిదొకటి, మొత్తం ఆరు. పదకొండులో ఆరొస్తే చెట్టు బతికినట్టే.

ప్రెసిడెంటు అందరి మొహాలూ ఒకసారి కలియజూశాడు. గొడవ పెట్టుకుంటాడనుకుంటే పెద్దగా బెట్టు చేయలేదు.

"సరే, మీ ముచ్చట మేమెందుకు కాదనాలి," అన్నాడు.

లిఫ్టే పోలింగు బూతైంది. చీటీ మీద 'ఉంచాలి', 'కొట్టాలి' అని రెండు మాటలుంటాయి. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, తలుపేసుకుని, ఒకదానికి టిక్కు పెట్టి, బయటికొచ్చి చెప్పుల అట్టపెట్టెలో వెయ్యాలి. అంతా సవ్యంగానే సాగుతోందనుకుంటుండగా, టైలరమ్మ లోపలుండగానే పైనెవరో బటన్ నొక్కారు. ఆవిడ నాలుగో అంతస్తు దాకా వెళ్ళి, ఓటుతో సహా తిరిగొచ్చింది.

"పైన ఎవరితోనైనా మాట్లాడారా?" అని నిలదీశాడు ప్రెసిడెంటు.

"మా ఆయనతో. స్టవ్ ఆపావా అనడిగాడు. ఆపానన్నాను. అది కూడా రహస్యమేనా?"

మాస్టారి ఫ్లాటు భార్య పేరు మీదుంది కనక ఓటు ఆవిడే వేసింది. లోపలికెళ్ళేముందు మాస్టారు కళ్ళతోనే జాగ్రత్తలు చెప్పబోయాడు. ఆవిడ చూడనట్టే తలుపేసుకుంది.

కింది ఫ్లాటులో ఉండే రిటైరైన నర్సు చీటీలన్నీ విప్పి రెండు కుప్పలు చేసింది. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది.

"ఉంచాలి ఆరు. కొట్టాలి ఐదు."

సంతోషం పట్టలేక మాస్టారు పక్కనున్న మనిషి చేతులు పట్టుకుని ఊపేశాడు. తీరా చూస్తే అవి ప్రెసిడెంటువి. ఆయన చేతులు విసురుగా లాక్కుని, పార్కింగు కోసం ఆశపడ్డవాళ్ళ వైపు తిరిగి, "నేను మాత్రం ఏం చేస్తాను, మెజారిటీ మాట," అన్నాడు. మాస్టారు మెట్లెక్కుతుంటే ఆ ఐదు ఫ్లాట్లవాళ్ళూ ఒక్కొక్కరే ఎదురై కన్నుగీటారు.

ఇంట్లోకి అడుగుపెడుతూనే ఆయన ఉపన్యాసం అందుకున్నాడు. "చూశావా, ఒక్క ఓటు తేడా. అది మన ఓటే. రేపు ప్రచారంలో మొట్టమొదట ఇదే చెబుతాను."

భార్య బాల్కనీలో రాలిన ఆకులు ఊడుస్తోంది. తలెత్తకుండానే అంది. "నేను 'కొట్టాలి'కి వేశాను."

"ఎందుకే?"

"పన్నెండేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఈ ఆకులు ఊడుస్తున్నాను. ఆరేసిన బట్టలు కాకులు పాడుచేస్తే మళ్ళీ ఉతుకుతున్నాను. మీరు చెట్టు గురించి మాట్లాడతారు గానీ చీపురు ముట్టరు. మీ ఎదురుగా చెయ్యెత్తే ధైర్యం నాకెక్కడిది? భయం లేని ఓటన్నారుగా, వాడుకున్నాను."

మాస్టారు నొచ్చుకున్నాడు. అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. ఆవిడ చేతిలోంచి చీపురందుకున్నాడు. నాలుగు ఆకులు ఊడ్చాక చెయ్యి ఆగిపోయింది. ఆ ఐదూ పడ్డాయి, ఇంట్లోది పడలేదు. మరి ఆరో ఓటు ఎవరిది?

పోగుచేసిన ఆకుల్ని బుట్టలో వేసుకుని, అదే ఆలోచిస్తూ కిందికి దిగాడు. మిట్టమధ్యాహ్నం. వీధిలో నిలబెట్టిన కార్లు ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉన్నాయి. చెట్టు నీడలో ఒకే ఒక్క కారు, కొత్తది, చల్లగా నిలబడి ఉంది. ప్రెసిడెంటు తన కారు అద్దం మీద పడ్డ ఆకుని తీసి మాస్టారి బుట్టలో వేశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని పై బాల్కనీల వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇకనుంచీ అన్ని మీటింగుల్లోనూ రహస్య ఓటింగే పెడదాం మాస్టారూ. చేతులెత్తమంటే, ఈ జనానికి భయపడి నేనూ ఎత్తాల్సొస్తోంది."