నీటి ఊపిరి

"పైకి రా చునిమ్! నీటి ఊపిరి మింగుతావు!"

ఒడ్డున మంట చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కొయ్యబారిపోయారు.

సముద్రంలో మునిగి చిప్పలు తీసి బతికే చెజు దీవి ఆడవాళ్లు ఆ మాట నోటితో అనరు. ఉన్న ఊపిరి అయిపోయాక, ఇంకొక్క చిప్ప అనుకుని ఆశపడినవాళ్లు నీళ్లలోనే పీల్చే ఆఖరి ఊపిరి అది.

అప్పుడే తేలిన చునిమ్, ఈల వేసినట్టు ఊపిరి వదిలి ఒడ్డుకు ఈదింది.

అరిచింది ఆ కొత్త ముసలామే. పుసాన్ పడవ దిగి సత్రంలో ఉంటోంది. రోజూ వచ్చి నీళ్ల అంచునున్న నల్లబండ మీద కూర్చుంటుంది.

"నీ నోట్లో మన్ను పడ!" అంది కుమ్‌హ్వా. ఆ గుంపుకి ఆవిడే పెద్ద. "దాని ఊపిరి ఎంతో దానికి తెలుసు. కొలవడానికి నువ్వెవరు?"

"ఎవర్నీ కాను."

"ఇంతమందిమి మునుగుతుంటే రోజూ నా మీదే ఎందుకమ్మా నీ చూపు?" అడిగింది చునిమ్.

"నీ మీద కాదే, నీ చిప్పల బుట్ట మీద!" ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ముసలామె నవ్వలేదు. "అంత లోతుకి దేనికి పోతున్నావు?"

"మా బొమి జ్వరపడి లేచింది. మంచి జొన్‌బోక్ చిప్ప దొరికితే దాని మాంసంతో జావ కాచి పోస్తాను. పిల్లకి సత్తువ వస్తుంది."

"ఆ పిల్లకి కావలసింది జావ కాదు. అమ్మ."

చునిమ్‌కి ఆ మాట ముల్లులా దిగింది.

బొమి తన కడుపున పుట్టలేదని ఊరందరికీ తెలుసు. పసిగుడ్డుగా ఉండగానే తల్లి సముద్రంలో పోతే, తండ్రి తెసోక్ ఆ పిల్లను వీపున కట్టుకుని వేరే దీవి నుంచి ఈ ఊరొచ్చాడు. ఇక్కడే చునిమ్‌ని పెళ్లాడాడు.

"అంటే? నేను అమ్మని కాదనా?"

ముసలామె ఏదో చెప్పబోయింది. పెదవులు బిగించుకుంది.

"ఇంకోసారి ఈ బండ మీద కనిపించావో, నేనే నీళ్లలోకి తోస్తాను!"

మర్నాడూ వచ్చింది ముసలామె. ఈసారి మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంది, పొరపాటున కూడా కేక పైకి రాకుండా.

"అబ్బో, పౌరుషం!" అంది కుమ్‌హ్వా.

చునిమ్ అటు చూడకుండానే మునిగింది.

ఆ బండ కిందే కనిపించింది, అరచెయ్యంత జొన్‌బోక్. చిప్పలు పెకలించే ఇనుప బద్ద దాని కింద దూర్చింది. చిప్ప రాయికి కరుచుకుంది. బద్ద ఇరుక్కుపోయింది. బద్దకున్న తాడు మణికట్టుకు బిగిసింది.

లాగింది. రాలేదు.

చెవుల్లో హోరు. కళ్ల ముందు బొమి మొహం. నోరు దానంతటదే తెరుచుకోబోతోంది.

ముడతలు పడిన చెయ్యి ఒకటి ఆమె మణికట్టు తడిమింది. ముడి ఊడింది.

పైకొచ్చిన చునిమ్ ఊపిరి ఈలై వినిపించింది. దాని వెనక రెండో ఊపిరి వినిపించలేదు.

"ముసలమ్మ దూకింది! పట్టుకోండే!"

దూది కోటుతోనే దూకింది. అది తడిసి బండరాయి అయింది. నలుగురు పట్టి ఒడ్డుకు చేర్చి మంట పక్కన పడుకోబెట్టారు. చునిమ్ ఆ చేతులు రుద్దింది, రుద్దుతూనే ఉంది.

"చాల్లేవే," అంది కుమ్‌హ్వా మెల్లిగా. "పోయింది."

"నేను ఈవిడకి ఏమవుతానక్కా? ఎందుకు దూకింది?"

కుమ్‌హ్వా ముసలామె మూతికున్న గుడ్డ విప్పింది.

చేపల వేటకని వెళ్లిన తెసోక్ ఆ ఉదయమే ఇల్లు చేరాడు. సంగతి తెలిసి బొమిని ఎత్తుకుని పరుగున వచ్చాడు. భార్య కళ్లెదుట కనిపించాక ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ముసలామె మొహం చూశాడు.

పిల్లను దించి, మోకాళ్ల మీద కూలబడి, నుదురు రాళ్లకు ఆనించాడు.

"అత్తయ్యా..."

చునిమ్ కన్నతల్లి పక్కవీధిలో నిక్షేపంగా ఉంది. తెసోక్ అలా పిలవగల మనిషి ఇంకొక్కరే, బొమిని కన్న తల్లికి అమ్మ.