మొదటి రోజు ఫోటో

"హైదరాబాద్ పోతున్నరంట గదనే?" పక్క క్వార్టర్ పూలమ్మ వచ్చి గడపలోనే కూర్చుంది.

"అవునక్కా. నాలుగు దినాలు ఊకెనే తిరిగొద్దామని," అంది యమున, భర్త జైపాల్ లుంగీలు బ్యాగులో సర్దుతూ. గోదావరిఖని కాలనీలో అందరికీ అదే చెప్పింది.

"మంచిగ ఫోటోలు దిగుండ్రి. ట్యాంక్‌బండ్ మీద పొద్దుగాల, చార్మినార్ కాడ సాయంత్రం బాగొస్తయి."

"దిగుతం."

"మొదటి రోజే దిగుండ్రి. దవాఖానల సూదులు మొదలైతే ఆయన నిలబడలేడు. నెత్తిమీద వెంట్రుకలు గూడ ఉండయి."

యమున చేతులు ఆగిపోయాయి.

"నీకెవరు చెప్పిండ్రక్కా?"

"జైపాల్ దగ్గు గోడ అవతలికి వినవడ్తనే ఉంది. మా ఆయనకు ఇట్లనే అయినప్పుడు మేం గూడ అందరికి తిరగ పోతున్నమనే చెప్పినం."

పూలమ్మ ఇంట్లో గోడకున్న ఆమె భర్త ఎల్లన్న ఫోటోలో వెనక చార్మినార్ ఉంటుంది. దండ వెనక కూడా ఎంత కళగా ఉన్నాడో అని యమున చాలాసార్లు అనుకుంది.

ఆమె లేచి, జైపాల్ తెల్లచొక్కా తీసి బ్యాగులో పైన పెట్టింది.

"తెల్లది వద్దు," అంది పూలమ్మ. "రంగుది పెట్టు. రోజూ చూసుకునేది నువ్వే గద."